కడుపుతో ఉన్నప్పుడు బరువు ఎంత పెరగాలి, కంచంలో ఏం మారాలి

నెల తప్పిందని ఇంట్లో తెలిసిన రోజు నుంచే తిండి గురించి సలహాలు మొదలవుతాయి. "ఇప్పుడు నువ్వు ఒట్టి మనిషివి కాదమ్మా, ఇద్దరి తిండి తినాలి" అంటూ అత్తగారు ఇంకో గరిటె అన్నం వడ్డిస్తారు. ఎనిమిదో నెల వచ్చేసరికి అదే ఇంట్లో ఇంకొకరు "మరీ తినకు, బిడ్డ లావైతే కాన్పు కష్టం" అంటారు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. రెండింటిలో ఏది పట్టుకున్నా ఇబ్బందే.

నా మొదటి కాన్పులో నేను అత్తగారి మాటే విన్నాను. 19 కిలోలు పెరిగాను. హెచ్‌బీ (రక్తంలో హిమోగ్లోబిన్) మాత్రం 9 దాటలేదు. ఒళ్ళు పెరిగింది, రక్తం పట్టలేదు. రెండోసారి ఎంత తింటున్నానన్నది వదిలేసి, ఏం తింటున్నానన్నది చూసుకున్నాను. 11 కిలోలు పెరిగాను, హెచ్‌బీ 11కి పైనే నిలబడింది. ఆ రెండోసారి పద్ధతే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీకు బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటివి ఉన్నా, కడుపులో కవలలున్నా మీ డాక్టరు చెప్పిందే మీ లెక్క. ఇది దాని పక్కన పెట్టుకుని చదవండి.

1. ముందు మీ అసలు బరువు రాసిపెట్టుకోండి

నెల తప్పక ముందు ఎంత ఉన్నారో ఆ బరువే అన్నిటికీ మూలం. అది గుర్తులేకపోతే మొదటి చెకప్‌లో చూసిన బరువు తీసుకోండి. దాన్ని మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, వస్తుంది. 155 సెంటీమీటర్ల ఎత్తు, 55 కిలోల బరువు ఉన్న అమ్మాయికి 55ని 1.55తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్ళీ 1.55తో భాగిస్తే దాదాపు 23. అదే ఎత్తులో 66 కిలోలుంటే 27 దాటుతుంది.

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్కనే చాలా దేశాల్లో డాక్టర్లు చూస్తారు. బీఎంఐ 18.5 కంటే తక్కువైతే తొమ్మిది నెలల్లో 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. 18.5 నుంచి 25 లోపు ఉంటే 11.5 నుంచి 16. 25 నుంచి 30 లోపు ఉంటే 7 నుంచి 11.5. 30, ఆపైన ఉంటే 5 నుంచి 9 కిలోలు. అయితే మనవాళ్ళకు తక్కువ బరువులోనే షుగర్, బీపీ ముప్పు మొదలవుతుంది కాబట్టి మన దేశంలో బీఎంఐ 23 దాటగానే ఎక్కువ బరువు కింద లెక్కేస్తారు. అందుకే మన దగ్గర మామూలు బరువున్నవాళ్ళకు "10 నుంచి 12 కిలోలు పెరిగితే చాలు" అని చెప్పే డాక్టర్లు ఎక్కువ. రెండు లెక్కలు కలవలేదని టెన్షన్ పడకండి. మీకు ఏ అంకె వర్తిస్తుందో మొదటి చెకప్‌లోనే అడిగి, కార్డు మీద రాయించుకోండి.

ఇంత బరువు ఎక్కడికి పోతుందన్న అనుమానం అందరికీ వస్తుంది. బిడ్డ 3 కిలోలు. మాయ, ఉమ్మనీరు కలిపి కిలోన్నర. పెరిగిన గర్భసంచి ఒక కిలో. ఒంట్లో కొత్తగా చేరే రక్తం కిలో పైన. రొమ్ములు అర కిలో లోపు. ఒంట్లో నిలిచే నీరు కిలోన్నర. మిగతా మూడు కిలోలు కొవ్వు, పాలిచ్చే రోజుల కోసం ఒళ్ళు దాచుకునే సరుకు. అంటే 12 కిలోలు పెరిగారంటే మీరు 12 కిలోలు లావయ్యారని కాదు.

2. బరువు వారానికి ఒక్కసారే చూడండి

ఒకే మిషన్, వారంలో ఒకే రోజు, పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినక ముందు, పల్చటి బట్టలతో. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, అసలు గొడవంతా ఇక్కడే వస్తుంది. ఒకసారి క్లినిక్‌లో మధ్యాహ్నం భోజనం చేసి, పట్టుచీరతో, భుజాన బ్యాగుతో మిషన్ ఎక్కాను. రెండు వారాల్లో మూడు కిలోలు పెరిగానని నర్సమ్మ గట్టిగానే కేకలేసింది. మర్నాడు పొద్దున ఇంట్లో చూస్తే అందులో సగం కూడా లేదు. రోజూ చూస్తే నీళ్ళ హెచ్చుతగ్గులకే గుండె గుభేలుమంటుంది, కాబట్టి అది వద్దు.

మొదటి మూడు నెలల్లో మొత్తం అర కిలో నుంచి రెండు కిలోలు పెరిగితే చాలు. నాలుగో నెల నుంచి, మామూలు బరువున్నవాళ్ళు వారానికి దాదాపు 400 గ్రాములు, అంటే నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోల మధ్య పెరగాలి. ముందే బరువు ఎక్కువున్నవాళ్ళకు వారానికి 200 నుంచి 300 గ్రాములు సరిపోతుంది. బాగా సన్నగా ఉన్నవాళ్ళకు అర కిలో కావాలి.

3. మొదటి మూడు నెలలు: కడుపులో ఏది నిలిస్తే అదే తిండి

ఈ మూడు నెలల్లో అదనంగా తినాల్సిన పనే లేదు. వేవిళ్ళు ఉంటే ఉన్న తిండి నిలబెట్టుకోవడమే గొప్ప. ఒకటి రెండు కిలోలు తగ్గినా చాలామందికి తర్వాత కోలుకుంటుంది. మంచం దిగక ముందే రెండు రస్కులో, గుప్పెడు మరమరాలో నమలండి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా తినండి. కడుపు ఖాళీగా ఉంటేనే వికారం ఎక్కువ. పోపు వాసన పడకపోతే వంటగది కొన్నాళ్ళు ఇంకొకరికి అప్పజెప్పండి, ఇందులో మొహమాటం వద్దు. వేడి అన్నం కంటే చల్లారిన పెరుగన్నం, ఇడ్లీ, చారన్నం చాలామందికి పడతాయి. నీళ్ళు తిండితో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కగుక్కగా తాగండి.

ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మానొద్దు. బిడ్డ వెన్నుపాము, మెదడు మొదటి వారాల్లోనే రూపు దిద్దుకుంటాయి. రోజుకు 400 మైక్రోగ్రాములది నెల తప్పక ముందు నుంచే వేసుకుంటే ఇంకా మంచిది.

మంచినీళ్ళు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే, బరువు వందకు ఐదు వంతులు తగ్గితే, అంటే 55 కిలోల మనిషి మూడు కిలోల దాకా తగ్గితే, "వేవిళ్ళు అందరికీ ఉండేవే" అన్న మాట పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. కడుపులో బిడ్డకు హాని లేని వాంతి మాత్రలు ఉన్నాయి, డాక్టర్లు రాస్తారు. పళ్ళ బిగువున ఓర్చుకోవాల్సిన పని లేదు.

4. నాలుగో నెల నుంచి: గరిటెల లెక్క మార్చండి

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా కావాల్సింది 350 క్యాలరీలు. అదెంతో తెలుసా? ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుసెనగపప్పు. అంతే. ఇద్దరి తిండి అన్నదానికి అసలు కొలత ఇదీ. రెండు పెద్ద సున్నుండలతోనే ఆ 350 పూర్తయిపోతాయి. సున్నుండ మంచిదే, మినుములు, బెల్లం, నెయ్యి కదా. కానీ అది భోజనం మీద భోజనంలా రోజుకు నాలుగు కాకూడదు. సీమంతం అయ్యాక ఇంటికొచ్చే స్వీటు డబ్బాల గురించి వేరే చెప్పక్కర్లేదు.

అదనంగా కావాల్సిన వాటిలో ముఖ్యమైనది ప్రోటీన్. నాలుగు, ఐదు, ఆరు నెలల్లో రోజుకు దాదాపు 10 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు ఎక్కువ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుసెనగల్లో 7, కప్పు గట్టి పప్పులో 7 ఉంటాయి. మన భోజనంలో అన్నం కొండలా, పప్పు దాని మీద మబ్బులా ఉంటుంది. దాన్ని తిరగేయాలి. మధ్యాహ్నం మూడు గరిటెల అన్నం, ఒక గరిటె పప్పు తినేవాళ్ళు రెండు గరిటెల అన్నం, రెండు గరిటెల పప్పు చేసుకోండి. కడుపు నిండినట్టే ఉంటుంది, లోపలికి వెళ్ళింది వేరు. పప్పంటే ముద్దపప్పు, ఆకుకూర పప్పు. పప్పుచారు పప్పు కింద లెక్కకు రాదు, అది రుచి గల నీళ్ళు.

ఆ రెండోసారి నా రోజు ఇలా ఉండేది. ఉదయం టిఫిన్‌కి పెసరట్టు గానీ, రెండు ఇడ్లీలతో ఒక గుడ్డు గానీ. పదకొండింటికి జామకాయ, మజ్జిగ. ఒంటిగంటకు రెండు గరిటెల అన్నం, తోటకూర పప్పు, ఏదో ఒక కూర, పెరుగు, చివర్లో నిమ్మకాయ బద్ద. నాలుగున్నరకు ఉడికించిన శనగలు, ఓ గ్లాసు పాలు. రాత్రి ఎనిమిదింటికి రెండు చపాతీలు లేదా కొంచెం అన్నం, కోడికూరో, చేపో, లేనిరోజు పప్పో. రాగిజావ వారంలో నాలుగు రోజులు, టిఫిన్ బదులు కాదు, దాంతో పాటు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, మన ధాన్యాల్లో దానికి సాటి లేదు. మునగాకు, నువ్వులు కూడా ఆ కోవలోవే.

పూర్తి శాకాహారులైతే పాలు, పెరుగు, పప్పులు పెంచడంతో పాటు బి12 విటమిన్ గురించి డాక్టరుని అడగండి. అది మొక్కల నుంచి దొరకదు. ఉప్పు అయోడైజ్డ్‌ది వాడండి. కూరల్లోకి కూడా కళ్ళుప్పే వేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఈ తొమ్మిది నెలలైనా మార్చండి.

అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి, నామోషీ అనుకోవద్దు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్య లక్ష్మి కింద కేంద్రంలోనే ఒక పూట వేడి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ గుడ్లు, పాలు, సరుకులు అంగన్‌వాడీ ద్వారా అందుతాయి. ఇంటికొచ్చిన పాల ప్యాకెట్ ఇంటిల్లిపాది టీలోకి వెళ్ళిపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఆ పాలు మీవి.

5. ఐరన్, కాల్షియం: రెండూ ఒకేసారి వేసుకోవద్దు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హెచ్‌బీ 11 కంటే తక్కువైతే రక్తహీనతే, 7 కంటే తగ్గితే ఆసుపత్రిలో చూపించుకోవాల్సిందే.

"దానిమ్మ తిను, బీట్‌రూట్ జ్యూస్ తాగు, రక్తం పడుతుంది" అని మనకు చెబుతారు. అవి ఎర్రగా ఉంటాయి, అంతే. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, రోజుకొకటి. హెచ్‌బీ తక్కువుంటే డాక్టరు రెండు వేయమంటారు, ఇంకా తక్కువైతే సెలైన్‌లో ఎక్కిస్తారు. తిండి మాత్రకు తోడు మాత్రమే: ఆకుకూరలు, మాంసం, చేప, శనగలు, వాటితో పాటు నిమ్మకాయ, ఉసిరి, జామ లాంటి పుల్లటివి.

ఇప్పుడు అసలు చిక్కు. పాలు, టీ, కాఫీ, కాల్షియం మాత్ర, ఇవన్నీ ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మొదటి కాన్పులో నేను చేసిన తప్పు ఇదే: రాత్రి పాలతో ఐరన్ మాత్ర, ఏడు నెలలు. కాబట్టి ఇలా పెట్టుకోండి. కాల్షియం ఒకటి టిఫిన్ తర్వాత, ఇంకొకటి మధ్యాహ్నం భోజనం తర్వాత. ఐరన్ రాత్రి భోజనం అయిన గంట, రెండు గంటలకు, నిమ్మరసం పిండిన నీళ్ళతో. రాత్రి పాలు తాగే అలవాటుంటే సాయంత్రానికి జరపండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు పరగడుపున అది వేసుకున్నాక ఐరన్‌కి, కాల్షియంకి నాలుగు గంటల ఎడం ఇవ్వండి. దాని కోసం మొదటి కాల్షియం మాత్ర మధ్యాహ్నానికి, రెండోది సాయంత్రం ఏదైనా తిన్నాక జరుపుకోవచ్చు.

ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దు. మలబద్ధకం వస్తే నీళ్ళు, జామకాయ, ఆకుకూరలు పెంచండి. అప్పటికీ పడకపోతే మాత్ర మార్పించుకోండి గానీ మానేయకండి. నాలుగో నెల తర్వాత నులిపురుగుల మాత్ర కూడా ఒకటి ఇస్తారు, డాక్టరు చెప్పినప్పుడు వేసుకోండి.

పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపిస్తోందా? చాలామంది సిగ్గుపడి చెప్పరు. అది ఐరన్ తగ్గిందనడానికి ఒక గుర్తు కావచ్చు. చాటుగా తినకుండా డాక్టరుతో చెప్పి హెచ్‌బీ చూపించుకోండి.

6. షుగర్ పరీక్ష ఎగ్గొట్టొద్దు

ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోయినా సరే. మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు. 140, అంతకు మించి వస్తే గర్భంతో వచ్చిన షుగర్. తాగిన అరగంట లోపే వాంతి అయితే ఇంకోరోజు మళ్ళీ చేయించుకోవాలి.

షుగర్ వచ్చిందని అన్నం పూర్తిగా మానేసి ఏడుస్తూ కూర్చునేవాళ్ళను చూశాను. అన్నం మానక్కర్లేదు, కొలత తగ్గించి, ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకోండి. మూడు పెద్ద భోజనాల బదులు మూడు చిన్న భోజనాలు, మధ్యలో మూడు చిరుతిళ్ళు. పండు తినండి, జ్యూస్ వద్దు. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంచాలని చూస్తారు. తిండితో, నడకతో ఆ అంకెలు రాకపోతే మందులు, ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ బిడ్డకు హాని చేయదు.

7. నిజంగా వద్దనేవి, ఊరికే భయపడేవి

పానీపూరి నీళ్ళు, రోడ్డు మీద చెరుకురసం, కోసి పెట్టిన పళ్ళు వద్దు. చాదస్తంతో చెప్పడం లేదు. కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్-ఈ కామెర్లు మామూలు మనిషికి వచ్చి పోతాయి గానీ, నిండు గర్భిణికి ప్రాణం మీదకు తెస్తాయి. కాచని పాలు, సగం ఉడికిన గుడ్డు, మాంసం వద్దు. మందు, పొగాకు, గుట్కా ఏ కొంచెమూ వద్దు. సొర లాంటి పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం ఎక్కువ, వాటిని వదిలేయండి. బొచ్చె, రాగండి, కొర్రమీను హాయిగా తినొచ్చు. కాఫీ రోజుకు రెండు చిన్న కప్పులకు మించకుండా, భోజనానికి దూరంగా.

పచ్చి బొప్పాయి వద్దు, అందులోని పాలతో ఇబ్బంది. బాగా మగ్గిన బొప్పాయి రెండు ముక్కలు తింటే ఏమీ కాదు. కానీ దాని కోసం ఇంట్లో యుద్ధమయ్యేటట్టుంటే జామకాయ తినండి, పోయేదేం లేదు. కుంకుమపువ్వుతో బిడ్డ ఎర్రగా పుట్టదు. ఆ పేరు చెప్పి తాగే పాలు మాత్రం మంచివే. కాళ్ళ వాపుకి ఉప్పు పూర్తిగా మానేయడం వల్ల లాభం లేదు. ఆవకాయ ఒక ముక్కతో ఆపగలిగితే సరే.

ఉపవాసాలు ఈసారికి మానండి. కార్తీక సోమవారాలు వచ్చే ఏడాదీ వస్తాయి. రంజాన్ ఉపవాసం విషయంలో గర్భిణులకు మతంలోనే మినహాయింపు ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు.

8. నడక

డాక్టరు బెడ్ రెస్ట్ చెప్పకపోతే, రక్తస్రావం లేకపోతే, మాయ కిందికి ఉందని చెప్పకపోతే, రోజుకు అరగంట, వారంలో ఐదు రోజులు నడవండి. పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండొచ్చు. ఆ వేగం చాలు. భోజనం తర్వాత పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా షుగర్‌కి మంచిది.

9. బరువు దారి తప్పితే

ఎక్కువ పెరుగుతుంటే బరువు తగ్గించే పని మాత్రం పెట్టుకోకండి. కీటో, పదహారు గంటల ఉపవాసం, లిక్విడ్ డైట్, ఇవేవీ ఇప్పుడు పనికిరావు. పెరిగే వేగం తగ్గితే చాలు. దానికి కోయాల్సినవి వేరే ఉన్నాయి: కూల్‌డ్రింకులు, జ్యూస్‌లు, బేకరీ పఫ్‌లు, మిక్చర్, రెండోసారి వడ్డించుకునే అన్నం, టీవీ ముందు సున్నుండ. పప్పు, పాలు, గుడ్డు, కూర జోలికి పోవద్దు. వారం రోజులు తిన్నదంతా ఒక కాగితం మీద రాసి చూడండి, ఎక్కడుందో మీకే తెలుస్తుంది. నాకైతే అది సాయంత్రం టీతో తినే నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.

రెండు మూడు వారాలు బరువు కదలకపోతే డాక్టరుకి చెప్పండి, స్కాన్‌లో బిడ్డ ఎదుగుదల చూస్తారు. అన్నంలో చెంచా నెయ్యి, సాయంత్రం వేరుసెనగ చిక్కీ, అరటిపండు, రాత్రి ఇంకో గుడ్డు చేర్చండి. బిడ్డ లావవుతుందని నోరు కట్టేసుకుంటే కాన్పు తేలికవ్వదు, బిడ్డ బలహీనంగా పుడుతుంది.

ఐదో నెల తర్వాత ఒక్క వారంలోనే కిలో దాటి, లేదా నెలలో మూడు కిలోలు పెరిగితే అది తిండి కాకపోవచ్చు. నీరు. దాంతో పాటు ముఖం, చేతులు వాచి గాజులు, ఉంగరం బిగుతైనా, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మసక, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా, బీపీ 140/90 ఉన్నా అది గుర్రపువాతానికి (గర్భిణికి వచ్చే ఫిట్స్‌కి) దారి తీసే జబ్బు కావచ్చు. పొద్దుటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా అంతే. మామూలు చెకప్ ఆలస్యమైతే, ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా చూస్తారు.

10. పుట్టింటికి వెళ్ళేటప్పుడు

ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్ళాక ఈ లెక్కలన్నీ గాలికి పోతాయి. తూకం మిషన్ మారుతుంది, డాక్టరు మారతారు, అమ్మ కొసరి కొసరి పెడుతుంది. వెళ్ళేముందు రోజు ఇంటి మిషన్ మీద ఒకసారి, చేరిన మర్నాడు అక్కడి మిషన్ మీద ఒకసారి చూసుకుని తేడా రాసుకోండి. బ్యాగులో పైనే ఉండాల్సినవి: ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల చెకప్ వివరాలు రాసే కార్డు), స్కాన్ రిపోర్టులు, షుగర్, హెచ్‌బీ కాగితాలు, నెలకు సరిపడా ఐరన్, కాల్షియం. మాత్రలు ఏ వేళకు ఏవో పెద్ద అక్షరాలతో రాసి అమ్మ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించండి. గరిటెల లెక్క అమ్మకు మొదటి రోజే చెప్పేయండి. మా అమ్మ రెండు రోజులు అలిగింది. మూడోరోజు నుంచి తనే గట్టిపప్పు రెండు గరిటెలు వేసి, "ఇంకో గుడ్డు పెట్టనా" అని అడగడం మొదలుపెట్టింది.